చలివేంద్రం దగ్గర నేను అడిగిన ప్రశ్న

మే నెల మొదటి సోమవారం: మా చలివేంద్రంలోని మూడు కుండల్లో ఒకటి కనబడలేదు. మనవరాలిని అడిగాను. "ఎక్కడికీ పోదులెండి తాతయ్యా" అంది. అది సమాధానం కాదు.

రెండో ఆదివారం: దారిన పోయే ఒక పెద్దమనిషి గ్లాసుడు నీళ్ళు తీసుకుని, ఒక్క గుక్కయినా తాగకుండా గన్నేరు మొక్క మొదట్లో పోసి వెళ్ళిపోయాడు. నీటి విలువ తెలియనితనం.

ఆ గురువారం: రెండో కుండ కూడా లేదు. స్టీలు గ్లాసులు తగ్గాయి.

మూడో మంగళవారం: నా చలివేంద్రాన్ని బయటివాళ్ళు వేళాకోళం చేస్తుంటే మా పిల్ల వాళ్ళతో కలిసి నవ్వింది.

మరునాడు: సెలవులు మిగిలి ఉండగానే, నాకు చెప్పకుండా మనవరాలు వెళ్ళిపోయింది.

ఈ ఫిర్యాదులన్నీ ఆయా రోజుల్లోనే రాసుకున్నవి. ఇప్పుడు ఒక్క అక్షరం కూడా మార్చలేదు. మారిస్తే నా తప్పు చిన్నదిగా కనబడుతుంది.

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే హైవే పక్కన, దెందులూరు దాటాక మా ఊరు. ఏటా ఎండలు ముదరగానే ఇంటి గేటు ముందు తాటాకు పందిరి వేసి, తడి ఇసుక మీద కుండలు పెట్టి, దారిన పోయేవాళ్ళకు మంచినీళ్ళు పోయడం మా నాన్నగారు మొదలుపెట్టిన పని. నీటిపారుదల శాఖలో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాక దాన్ని నేను చేపట్టాను. ఒక బల్ల, కుర్చీ, పుస్తకం చేర్చాను. లెక్క లేని పని జరిగినట్టు కాదన్నది నా ఉద్యోగం నేర్పిన నమ్మకం. నీళ్ళు తీసుకున్న ప్రతివారినీ పేరు, ఊరు, ఎవరి తాలూకు అని అడిగి రాసుకునేవాణ్ణి. నీళ్ళు ఎవరికీ లేవనలేదు. అందరికీ అవే గ్లాసులు. అందుకు నాకు గర్వంగా కూడా ఉండేది.

ఏటేటా జనం తగ్గుతూ వచ్చారు. ప్లాస్టిక్ సీసాల వల్లనని తీర్మానించాను.

ఇంజనీరింగ్ మూడో ఏడాది చదువుతున్న మా అమ్మాయి కూతురు ఈ వేసవి సెలవులకు మా దగ్గరికి వచ్చింది. మా ఆవిడకు మోకాళ్ళు పట్టేశాయి. కుండలు నింపే పని పిల్ల తీసుకుంది. వారం తిరక్కుండానే కుండలు మాయమవడం మొదలైంది.

ఆ మూడో మంగళవారం మధ్యాహ్నం గొడుగు వేసుకుని వెతకడానికి బయలుదేరాను. దూరం పోనక్కర్లేకపోయింది. హైవే కింద అండర్‌పాస్ నీడలో, కొల్లేరు వైపు ఊళ్ళకు ఆటోలు ఆగే చోట, నా రెండు కుండలూ ఇసుక మీద కూర్చుని ఉన్నాయి. తడిగుడ్డ కూడా చుట్టి ఉంది. చేపల చెరువుల పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు చుట్టూ ఉన్నారు. మా పిల్ల గ్లాసులు ముంచి అందిస్తోంది. నేను స్తంభం ఇవతల ఉన్నాను, వాళ్ళకు కనబడను.

"ఇంకో గ్లాసు తాగవే. ఇక్కడ అడిగేవోళ్ళు లేరు."

"అవునే. ఆ గేటు కాడ తాతగారి నీళ్ళు తాగాలంటే ఆధార్ కార్డు పట్టుకెళ్ళాలి."

"ఆధార్ చాలదే, ముత్తాత పేరు కూడా చెప్పాలి. అది చెప్పేలోగా దాహం చచ్చిపోద్ది."

అందరూ నవ్వారు. మా పిల్లా నవ్వింది. నేను స్తంభం చాటు నుంచి ముందుకు వచ్చాను.

"దొంగతనానికి ఇంజనీరింగ్ చదువెందుకు?" అన్నాను. "ఎవరి కుండలివి? ఎవరినడిగి తెచ్చావు?"

నవ్వు ఆగిపోయింది. అప్పుడే తాగుతున్న ఒకామె, నా కూతురి వయసుంటుంది, గ్లాసు దించింది. మిగిలిన నీళ్ళు పారబొయ్యాలో తాగాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుంది. తరవాత చీర చెంగుతో గ్లాసు తుడిచి, కుండ పక్కన బోర్లించింది.

"మీయని తెలవదండి. తెలవక తాగేసేమండి" అంది.

మంచినీళ్ళు తాగినందుకు ఆమె నాకు సంజాయిషీ చెప్పుకుంది. నేను "ఫరవాలేదు, తాగమ్మా" అనలేదు. ఆ రెండు మాటలకు ఎంత సేపు పడుతుంది? ఆటో వచ్చింది. వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చాక పిల్ల గొంతు పెంచలేదు. "అడక్కుండా తీసుకెళ్ళడం నా తప్పే తాతయ్యా. మీరు ఒప్పుకోరని అడగలేదు."

"నేనెవరికైనా నీళ్ళు లేవన్నానా?"

"అనలేదండీ. పేరడిగితే చెబుతారు, ఊరడిగితే చెబుతారు. ఎవరి తాలూకని అడిగితే గ్లాసు దించేస్తారు. ఆ ప్రశ్న ఎందుకో వాళ్ళకి చిన్నప్పటినించీ తెలుసు."

"నేను అందుకు అడగలేదు."

"అది మీకు తెలుసు తాతయ్యా. వాళ్ళకెలా తెలుస్తుందండీ?"

"నీ బుద్ధులు మీ ఇంట్లో చూపించు" అన్నాను. మర్నాడు పొద్దున్నే భీమడోలులో పాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో వాళ్ళింటికి వెళ్ళిపోయింది. మా ఆవిడకు చెప్పే వెళ్ళింది. నాకు చెప్పకపోవడం గురించి ఫిర్యాదు రాసుకున్నాను గాని, పొమ్మన్న మాట రాసుకోలేదు.

గన్నేరు మొక్క దగ్గర నీళ్ళు పోసిన పెద్దమనిషి ఆ తరవాత గుర్తొచ్చాడు. ఆదివారం. తెల్లబట్టలు, చంకలో బైబిలు, చర్చి నుంచి నడిచి వస్తున్నాడు. నా వయసే ఉంటుంది. గ్లాసు పెదవుల దాకా వెళ్ళింది. అప్పుడు ఆ ప్రశ్న అడిగాను. "దాహం లేదులెండి" అన్నాడు. ఆ ఎండలో. నీళ్ళు నేలపాలు కాకుండా వంగి మొక్కకు పోసి, గ్లాసు బోర్లించి వెళ్ళాడు. నీటి విలువ తెలియనివాడని నేను రాసినది ఆయన గురించే.

మూడో కుండ నేనే మోసుకెళ్ళి అండర్‌పాస్‌లో ఆ రెండింటి పక్కన పెట్టాను. నేను నిలబడి ఉన్నంతసేపూ ఎవరూ కుండల దగ్గరకు రాలేదు. వచ్చేశాను. వచ్చాక తాగారో లేదో నాకు తెలియదు.

కావున, మనవరాలికి నా మనవి. ఈ కింది వాటికి లిఖితపూర్వకంగా సమాధానం పంపవలసినది. వచ్చే వేసవికి కుండలు ఎక్కడ పెట్టాలి? ఆ గ్లాసు బోర్లించినామెను నేను కలిసి మాట్లాడితే ఆమెకు ఊరటా, మరింత ఇబ్బందా? నువ్వు వస్తావా, రావా? నువ్వు రాకపోతే పందిరి వేయించను. నేనున్న చోట ఎవరూ తాగరని ఇప్పుడు తెలుసు. ఫోనులో "సరేలెండి తాతయ్యా" అంటే చెల్లదు. రానన్న మాటయినా సరే, నీ చేతిరాతతో కావాలి. నన్ను ఒక్క ప్రశ్న అడిగే హక్కు నీకూ ఉంది; అది కూడా అందులోనే రాయవలసినది.