రెండొందల పది అని రాసిచ్చిన చీటీ

గుంటూరు నుంచి వినుకొండ మీదుగా వెళ్ళే మీటరుగేజి పాసింజరు ఉదయం ఆరుంబావుకు బయలుదేరాలి. ఆ రోజు ఏడింటికి కదిలింది. నేనెవరినీ తిట్టలేదు. మర్నాటికల్లా తిట్టాల్సినవాళ్ళు ఇద్దరు తేలారు, అందులో ఒకణ్ణి నేనే.

ఎనభైల నడుమ సంగతి ఇది. అప్పట్లో నేను గుంటూరులో డాక్టరుగా ఉంటూ, పక్షవాతం రాకుండా ఆపే పరిశోధన ఒకదానికి ప్రణాళిక తయారుచేసే పనిలో ఉన్నాను. బీపీ ఎక్కువున్న వాళ్ళను ముందే కనిపెట్టి, మందులిచ్చి, ఐదేళ్ళపాటు వెంట ఉండి చూడాలి. దానికి తగిన ఊళ్ళు కావాలి. మా శాఖ పెద్దాయన బల్ల మీద పటం పరిచి, వినుకొండ అవతల, ప్రకాశం జిల్లా పొలిమేరలో ఒక మెట్ట ఊరి చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టారు. "కూలి జనం. ఎక్కడికీ పోరు. ఐదేళ్ళూ మనకు దొరుకుతారు," అన్నారు. ఆ ఊరు ఆయన చూడలేదు, నేనూ చూడలేదు. అయినా తల ఊపి, చూసిరావడానికి బయలుదేరాను.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. అంతకుముందు ఏడాది మిరపకోతల్లో పెదకాకాని చుట్టుపక్కల చేలల్లో రెండు వారాలు తిరిగి, కూలీలకు బీపీ చూశాం. ఎంతమందికి ఎక్కువుందో తెలిస్తే ప్రణాళిక వేసుకోవడం తేలిక. కేవలం లెక్క కోసమే కాబట్టి మందుల ఊసు లేదు. చెయ్యి చాపిన ప్రతివాళ్ళకీ మర్యాదగా ఒక చీటీ ఇచ్చాం. దాని మీద అంకె రాశాం. అంకె ఒక్కటే. రిజిస్టరులో పేరుకు గడి ఉంది, ఊరికి గడి లేదు. ఆ ఫారం గీసింది నేనే.

రైల్లో నా ఎదుటి సీట్లో మస్తాన్ గారని ఒకాయన కూర్చున్నారు. వినుకొండలో మిరపకాయల వ్యాపారం. గుంటూరు యార్డులో సరుకు దింపి వస్తున్నారు. ఫిరంగిపురం వచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నారు. నా పక్కనున్న బీపీ మిషను పెట్టె చూసి ఏ ఊరికని అడిగారు. చెప్పాను.

"ఇప్పుడా? కోతల్లోనా? అక్కడెవరుంటారండీ, తలుపులుంటాయి," అన్నారు.

వ్యాపారస్తులు కాస్త పెంచి చెబుతారులే అనుకుని నవ్వి ఊరుకున్నాను. నరసరావుపేటలో ఆయనే నాకు ఇడ్లీ పొట్లం తెప్పించి డబ్బులివ్వనివ్వలేదు. దారి పొడవునా మిరప కల్లాలు. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య నడుం వంచిన ఆడవాళ్ళు. వాళ్ళది ఏ ఊరో ఒక్కసారి అడగాలని నాకు తోచలేదు.

పదకొండింటికి వినుకొండ. స్టేషను దగ్గర హోటల్లో భోజనం బాగానే ఉంది గాని, గోంగూర పచ్చడిలో ఉప్పు చూసి డాక్టరుగా నాకు భయమేసింది. పన్నెండున్నరకు పొదిలి వైపు వెళ్ళే బస్సు దొరికింది. గంటన్నర ప్రయాణం. రోడ్డు మీద దింపి, "అదిగో, ఆ కనపడేదే," అని కండక్టరు చెయ్యి చూపించాడు. కనపడింది గాని, చేరేసరికి నల్లరేగడిలో రెండు మైళ్ళు. ఏరేసిన పత్తి చేలలో మోళ్ళు, గట్ల మీద ఖాళీ పురుగుమందు డబ్బాలు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు వెంట తీసుకెళ్ళాలి, అక్కడి బావి నీళ్ళు ఉప్పన.

ఊళ్ళో కూలీలుండే పల్లె చేరేసరికి రెండున్నర దాటింది. మస్తాన్ గారు చెప్పిందీ తప్పే. తలుపులు కూడా సరిగ్గా లేవు. గుమ్మాలకు అడ్డంగా తుమ్మ కంపలు పెట్టి ఉన్నాయి. చర్చికీ కంపే. అరిస్తే ఒక కుక్క వచ్చి చూసి వెళ్ళిపోయింది. చివరి ఇంటి ముందు మాత్రం ఒక ముసలాయన కూర్చుని తాడు పేనుతున్నాడు. పేరు దేవసహాయం.

"ఊళ్ళోవాళ్ళంతా ఏరి?" అని అడిగాను.

"కోతలకు పోయారుగా. గుంటూరు పక్కన, పెదకాకాని కాడ. ఉగాది దాటితే గాని రారు. పాస్టరుగారు కూడా వాళ్ళ వెంటే. ఆదివారం పార్థన చేలోనే."

ఏటా ఇంతేనా అన్నాను. "నాకు బుద్ధి తెలిసినకాణ్ణించీ ఇంతే," అన్నాడు.

ఒళ్ళు మండింది. వీళ్ళను వెతుక్కుంటూ నేను పొద్దున బయలుదేరిన స్టేషనుకు అయిదు మైళ్ళలో ఉన్నారు వీళ్ళు. ఎక్కడికీ పోరట! ఏటా రెండు మూడు నెలలు ఊరు ఊరంతా లేచిపోతుంటే ఆ సంగతి పటంలో ఉండదు. మా ప్రణాళికలో ఇంటింటికీ తిరిగే నెలలు కూడా సరిగ్గా ఇవే. ఎండలు ముదరకముందు తిరగడం మాకు సుఖమని పెట్టుకున్నాం.

దేవసహాయం నన్ను లోపలికి పిలిచాడు. నులక మంచం మీద ఆయన భార్య సుగుణమ్మ పడుకుని ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి ఒక పక్కకు పోయింది. నా చేతిలో పెట్టె చూడగానే ఆమె ఏదో అంది. నాకు అర్థం కాలేదు.

"అదే పెట్టె అంటోంది. నిరుడు కోతల్లో దీనికి చూసింది మీరేనా బాబూ?" అన్నాడాయన.

బైబిలు తెచ్చి, మధ్యలోంచి మడత పెట్టిన చీటీ తీసి నా చేతికిచ్చాడు. 210/120. నా రాతే.

"మా గుంపు మొత్తంలో దీనికే ఎక్కువొచ్చినయ్ బాబూ," అన్నాడు. ఆ మాటలో ఇంకా కాస్త గర్వముంది. "వయసులో ఉన్న పిల్లలకు కూడా నూటిరవై, నూటముప్ఫై. మా ముసల్ది అందర్నీ మించిందని మిఠాయి కూడా పంచుకున్నాం. మేస్త్రి కూడా చూసి, నీకేంటి సుగుణమ్మా, బలముందిలే అని కొయ్యడానికి ఇంకో సాలు ఎక్కువిచ్చాడు. ఆ తరవాత పత్తిలో కలుపు తీసేటప్పుడు పడిపోయింది. అంత బలమున్న మనిషి ఎట్టా పడిపోయిందో!"

తప్పెవరిది? కాటా మీద అంకె ఎక్కువైతే మేలు. బళ్ళో పిల్లకు మార్కులెక్కువొస్తే మేలు. ఆసుపత్రి మనిషి చీటీ మీద పెద్ద అంకె రాసిచ్చి, చిరునవ్వు నవ్వి, తరవాతి మనిషిని పిలిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నాకు బీపీ ఉంది. నాది నూటఅరవై దాటిన రోజే మా శాఖ పెద్దాయన తన చేత్తో మందు రాసిచ్చారు. ఆ మాత్రలు అప్పుడు కూడా నా సంచిలోనే ఉన్నాయి. ఈమె రెండొందల పది చూసి నేను చేసిందల్లా గడిలో అంకె వేసుకోవడం.

సుగుణమ్మ ఎడమ చేత్తో పడిపోయిన కుడి చేతిని ఎత్తి, మెల్లగా నా ముందు పెట్టింది. ఏదో అడిగింది.

"ఈసారి ఎన్నొస్తయ్యో చూడమంటోంది," అన్నాడు దేవసహాయం.

ఎడమ చేతికి పట్టీ కట్టి చూశాను. నూటతొంభై. "అమ్మా, ఇది ఎక్కువ ఉండకూడదు. ఎక్కువుంటేనే ఇట్లా పడిపోతారు," అన్నాను.

దేవసహాయం నా చేతిలోంచి చీటీ తీసుకుని మళ్ళీ చూశాడు. తరవాత నెమ్మదిగానే అడిగాడు. "మరి ఆ మాట అప్పుడనలేదేంది బాబూ?"

ప్రణాళికలో లేదు. అదీ నా దగ్గరున్న జవాబు. నా మాత్రలన్నీ ఆయన చేతిలో పెట్టి, ఎలా వెయ్యాలో రెండుసార్లు చెప్పి, ఆయన చేత చెప్పించుకున్నాను. వినుకొండ ఆసుపత్రికి ఒక చీటీ రాసిచ్చాను. ఈసారి మాటలతో. పాత చీటీని ఆయన మళ్ళీ బైబిల్లో పెట్టలేదు, నాకే తిరిగిచ్చేశాడు.

లేచి వస్తుంటే వెనకనుంచి అన్నాడు. "మా పిల్ల రూతు కూడా అక్కడే కోస్తాంది. దానిక్కూడా నిరుడు చూశారు. ఎన్నొచ్చినయ్యో గుర్తులేదు. అమ్మకన్నా తక్కువొచ్చినయ్యని చిన్నబుచ్చుకుంది."

అయిదింటి బస్సులో వినుకొండ వచ్చి, పోస్టాఫీసు నుంచి గుంటూరుకు ట్రంకుకాల్ చేశాను. పెద్దాయన అంతా విని, "పాపం," అన్నారు. వెంటనే, "అయినా ఆమెకు పక్షవాతం వచ్చేసింది కదా, మన లెక్కలోకి రాదు. జనం నిలవని ఊరు మనకొద్దు, కొట్టెయ్. పొన్నూరు వైపు చూద్దాం. అక్కడ రైతులు ఇళ్ళలోనే ఉంటారు," అన్నారు.

"నిరుడు రెండొందలు దాటినవాళ్ళు ఇంకా ఉన్నారండీ రిజిస్టర్లో," అన్నాను.

"వాళ్ళ ఊళ్ళు తెలియవుగా!"

"తెలియవు. మనం అడగలేదు. పేర్లున్నాయి, చేలు తెలుసు, ఇప్పుడు వాళ్ళంతా అక్కడే ఉన్నారు. రేపు వెళ్ళి చెబుతాను. మీ ప్రణాళిక మీరు కొట్టేసుకోండి!" అని అరిచాను. అప్పటికే కాల్‌కిచ్చే మూడు నిమిషాలు అయిపోయి లైను తెగిందని ఆపరేటరు చెప్పాడు. ఎంతవరకు ఆయన చెవిన పడిందో తెలియదు. పోస్టాఫీసులో ఉన్నవాళ్ళంతా మాత్రం విన్నారు.

స్టేషను రోడ్డులో లాడ్జి గది చవకే. ఫ్యాను తిరుగుతుంది, దోమలూ తిరుగుతాయి. మర్నాడు పొద్దున్నే బండి ఎక్కాను. పక్కన కూర్చున్న కూరగాయల ఆవిడ నా పెట్టె చూసి రేడియోనా అని అడిగింది. బీపీ చూసి, నూటముప్ఫై అని, ఇంతలో ఉంటే మంచిదని, పెరిగితే ప్రమాదమని చెప్పాను. "అంతేనా?" అంది. అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం నిరుడు మేం మిగుల్చుకున్నాం.

నా తరవాత ఆ ఊరు వెళ్ళే డాక్టర్లెవరైనా ఉంటే వాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. కోతలప్పుడు అంత దూరం వెళ్ళకండి, పెదకాకాని బస్సెక్కండి. పదిన్నరకు గుంటూరులో దిగి ఇంటికి పోకుండా నేనూ అదే ఎక్కాను.

మూడో చేలో దొరికింది రూతు. ముప్ఫై ఏళ్ళుంటాయి. నన్ను గుర్తుపట్టి, గంప దించి, మిరపకాయల ఘాటుతో ఎర్రబడ్డ చెయ్యి కడుక్కుని చాపింది. చుట్టూ గుంపు చేరింది. నూటడెబ్భై ఎనిమిది.

"ఎన్నొచ్చినయ్ సారూ?" అంది. నేను చెప్పగానే వెనకనుంచి ఎవరో, "అబ్బో, వాళ్ళమ్మ తరవాత మన రూతుకే ఎక్కువ!" అని చప్పట్లు కొట్టారు. అందరూ అందుకున్నారు. రూతు సిగ్గుపడుతూ నవ్వింది.

"ఆపండి!" అని అరిచాను. చేలో అంత గట్టిగా ఎందుకు అరిచానో వాళ్ళకు అర్థం కాలేదు. చప్పట్లు ఆగిపోయాయి. రూతును గట్టు మీద కూర్చోబెట్టి, నేను కూడా పక్కన కూర్చుని, వాళ్ళమ్మకు నిరుడు చెప్పాల్సిన మాట చెప్పడం మొదలుపెట్టాను.