ముడుపులో టిక్కెట్టు

పోయిన సోమవారం పొద్దున చిత్తూరు బండి దిగిన పూలమ్మే ఆమె, తిరుపతి స్టేషను గేటు దగ్గర టిక్కెట్టు నా చేతిలో పెడుతూ, "మీ అయ్యవారు పోయినాడంట సామీ, రెండు దినాలాయ" అంది. వెనక జనం తోసుకుంటున్నారు. నేను టిక్కెట్లు తీసుకుంటూనే ఉన్నాను గానీ, ఎవరివి తీసుకున్నానో, ఎవరిని వదిలేశానో నాకే తెలియదు.

"మీ అయ్యవారు" అన్నదని, ఆయన దగ్గర నేను చదువుకున్నాననుకోకండి. ఆయన చిత్తూరులో చిన్నపిల్లల బడి పంతులు. అప్పట్లో నాది బండ్లలో టిక్కెట్లు తనిఖీ చేసే కొలువు. శనివారం శనివారం తిరుపతిలో ఉన్న కూతురింటికి ఆయన మూడో తరగతి పెట్టెలో వచ్చేవారు. నాకు ముక్కు మీద కోపం. మొదట్లో ఆయన్ని చూస్తేనే ఒళ్ళు మండేది.

మండదా మరి? నేను పెట్టెలో అడుగు పెట్టకముందే తన టిక్కెట్టు తీసి పట్టుకునేవారు. అది చూపించి ఊరుకుంటే సరిపోయేది. నేను ఎవరికైనా జరిమానా వేస్తే, "రసీదు అడిగి తీసుకోప్పా, మొహమాట పడొద్దు" అని వాళ్ళకు గుర్తు చేసేవారు. "అడిగేది ఆయన పని, సూపించేది మన పని, అరిచేది ఎవరి పనీ కాదు" అని నాకు వినబడేలా అనేవారు. బడిలో పిల్లలకు ఎక్కాలతో పాటు ఇదీ వల్లె వేయించేవారట. అలాగని ఎగ్గొట్టేవాళ్ళను వెనకేసుకొచ్చే మనిషి కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఒక కాలేజీ కుర్రాడు "బండి మనదైపాయ గదా, ఇంకా టిక్కెట్టెందుకు?" అని నాతో వాదానికి దిగితే, "మనదైనాక మనమే ఎగ్గొడితే యెట్లరా?" అని వాడి చేత జరిమానా కట్టించేదాకా వదల్లేదు.

అసలు సంగతి అంతకు ముందే, యుద్ధం ముగిసిన ఏడు జరిగింది. పెట్టెలో ఒక ముసలామె పసుపు గుడ్డ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె కొడుకు పటాలంలో చేరి సముద్రం దాటి పోయాడు. ప్రాణాలతో తిరిగొస్తే కొండకు నడిచొస్తానని ఆమె ముడుపు కట్టుకుంది. కొడుకు వచ్చాడు, కుంటుతూనైనా వచ్చాడు. ఆ మొక్కు తీర్చుకోవడానికే బయల్దేరింది. టిక్కెట్టు అడిగితే మూట గుండెకు హత్తుకుంది.

"దీంట్లోనే ఉండాది నాయనా. ఆ తోపులాటలో యాడ పారేసుకుంటానో, సామి దగ్గరైతే పోదు గదా అని దీంట్లో పెట్టి ముడేస్తి. గోవిందా అని ఏసిన ముడి కొండ మిందనే ఇప్పాల. ఈడ ఇప్పితే నా బిడ్డకేమైనా అయితే?"

"ఇట్లాంటి కతలు దినానికి పది వింటాండా. ఇప్పుతావా, పాకాలలో దిగుతావా?" అంటూ మూట మీద చెయ్యి వేశాను. ఆమె మూట మీదికి వంగిపోయి ఏడ్చింది.

"చెయ్యి తియ్యప్పా."

ఎదురు బెంచీ మీద నుంచి అయ్యవారు లేచారు. గొంతు పెంచలేదు. "టిక్కెట్టు అడిగే హక్కు నీకుండాది. లేదంటే జరిమానా ఏసి రసీదియ్యి. కాదంటే పాకాలలో స్టేషన్ మాస్టరు ముందర నిలబెట్టు, నీ మాటా ఆమె మాటా ఆయనే వింటాడు. ఆడమనిషి మూట పట్టే హక్కు నీకు యాడిది? నీ బిళ్ల నెంబరు చెప్పు, రాసుకుంటా."

"ఆమె కొనేది మీరు సూసినారా?" అని ఎగిరాను.

"సూళ్ళేదు. కొనకుండా ఎక్కేది నువ్వు సూసినావా?"

బండి ఆగగానే ఇద్దరినీ దింపాను. పాకాలలో మాస్టరు ముందు ముసలామె గుడ్డను పైనుంచే నొక్కి చూపించింది. లోపల టిక్కెట్టు లాంటి అట్టముక్క అంచు తెలుస్తోంది గానీ, అది ఏ ఊరిదో, ఏనాటిదో ఎలా తెలుస్తుంది? అయ్యవారు కాగితం అడిగి తీసుకుని రాసిచ్చారు: రేపటిలోగా ఆ టిక్కెట్టు తిరుపతి గేటులో అప్పగిస్తానని, లేకుంటే శిక్ష తనదేనని, కింద బడి పేరుతో సంతకం. మాస్టరు అది తీసుకుని ఆమెను పోనిచ్చాడు.

"మోసమైతే మీ కొలువు మిందికొస్తాది అయ్యవారూ" అన్నాను.

"రానీప్పా" అన్నారు.

మరునాడు నాకు తిరుపతి గేటు డ్యూటీ. ఆయన ఓడిపోవాలని కొండ వైపు తిరిగి మొక్కుకున్నాను కూడా! ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ఆమె గుండుకు గంధం. ఆమెతో పాటు మెట్లన్నీ ఎక్కి దిగిన ఆయన, అడుగుకోసారి మోకాళ్ళు పట్టుకుంటున్నారు. పసుపంటిన టిక్కెట్టు నా చేతికిచ్చారు. చిత్తూరు నుంచి తిరుపతికి, నిన్నటి తేదీ. ఇటు తిప్పి చూశాను, అటు తిప్పి చూశాను.

"తప్పైపాయ అయ్యవారూ" అన్నాను.

"నాకెందుకప్పా? ఆమెకు చెప్పు."

నేను నోరు తెరిచేలోపే ఆమె ఆకు విప్పి, "చెయ్యి పట్టు నాయనా" అని లడ్డు ముక్క పెట్టింది. "నీ బిడ్డలు సల్లగుండాల" అంది. పెద్ద మగాణ్ణి, ఒంటి మీద యూనిఫారం, గేటు దగ్గర అందరి ముందూ కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

అయ్యవారు అది చూశారు. చూసినట్టు నాకు తెలియకూడదని చప్పున అటు తిరిగి, బెంచీ మీద కూర్చుని, బండి లేని పట్టాల వైపు చూస్తూ మోకాళ్ళు రుద్దుకోసాగారు.