మాస్టారి చేతికి వంచిన కాడ

తీగె బిగిస్తుంటే ఒక్కోసారి గిటారు మెడ చివర 'టిక్' అని చిన్న చప్పుడు వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినపడదు. నిన్న మధ్యాహ్నం నెల్లూరులో నా రిపేరు కొట్లో, కోవూరు నుంచి వచ్చిన ఒక బడిపంతులు గారి గిటారును ఒళ్లో పెట్టుకుని బిగిస్తుంటే ఆ చప్పుడు వచ్చింది. నా చెయ్యి దానంతటదే బల్ల మీది పెన్సిలు అందుకుంది. చెక్కగానే పచ్చి చెక్కా నల్లపొడీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలింది. ఇక పని సాగలేదు. పెన్సిలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. "ఏమ్మా, పెద్ద రిపేరేనా?" అని ఆయన కంగారుపడ్డారు. ఏమీ లేదండీ అన్నాను. ఏమీ లేకపోవడమేం, నాకు పోలయ్య మాస్టారు గుర్తొచ్చారు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు. బోగోలు వైపు సముద్రపు ఒడ్డున వలలు అల్లుకునే ఇంట్లో పుట్టి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా గిటారు పట్టి, సొంతంగా ఆర్కెస్ట్రా పార్టీ కట్టిన మనిషి. మనుబోలు నుంచి కావలి దాకా పెళ్లిళ్లకూ జాతరలకూ వాయించేవారు. నాది కోవూరు దగ్గర వరి పండించే ఇల్లు. ఇరవై నాలుగేళ్లప్పుడు, మాస్టారికి రెండో గిటారుకు మనిషి కావాలని విని, ఇంట్లో వద్దంటున్నా వెళ్లాను. ఆడపిల్ల గిటారేంటని పార్టీలో వాళ్లు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆ మాటకొస్తే నన్ను చూడనే లేదు, నా గిటారునే చూశారు.

నా గిటారుకు ఒక కాడ ఉండేది. వైబ్రాటో అంటారు. తీగెల కింది కొసలను పట్టి ఉంచే చట్రం ఒక స్ప్రింగు మీద ఆని ఉంటుంది, దానికి ఈ కాడ. నొక్కితే తీగెలన్నీ వదులై స్వరం కిందికి దిగుతుంది, వదిలితే మళ్లీ తన చోటికి వస్తుంది. నా గొప్ప చూపించుకోవాలని దాన్ని రెండుసార్లు ఊపాను. మాస్టారు లేచి వచ్చారు.

"ఈ తోకేందమ్మా?"

నేను జవాబు చెప్పేలోపే కాడను తిప్పి ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నారు. "గమకం ఎడమచేతి వేలికింద ఉండాది. ఈ తోకలో లేదు. నీ వేలు పలికిన రోజున దీన్ని నీకిస్తా."

నిలువునా మండిపోయింది నాకు. అయినా మర్నాడు వెళ్లాను. మధ్యాహ్నాలు వాళ్ల వసారాలో కూర్చునేవాళ్లం. ఎదురుగా సముద్రం, పక్కన మాస్టారి భార్య రమణమ్మక్క వల బాగుచేసుకుంటూ ఉండేది. తీగెను వేలితో పక్కకు లాగి స్వరాన్ని పైకి తీసుకుపోవడమే పాఠం. ఒకే స్వరాన్ని వందసార్లు లాగించేవారు. వేళ్లు బొబ్బలెక్కి, పగిలి, కాయలు కాశాయి. ఉప్పుగాలికి తీగెలు నెలకే తుప్పుపట్టేవి. మార్చుకోవడం, మరలు విప్పడం, వైర్లు అతకడం కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇప్పుడు నేను తింటున్న అన్నం ఆ వసారాలోదే. బాగా వాయిస్తే మాస్టారు "ఊఁ" అనేవారు. బాగా లేకపోతే అదీ ఉండదు. ఆయన దగ్గర మెచ్చుకోలు మందుకైనా దొరికేది కాదు. కావలిలో ఒకసారి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టినా, నేను మాత్రం జేబులోకి పోయిన ఆయన చేతినే చూశాను. జేబులోంచి రుమాలు వచ్చింది. అలా పన్నెండేళ్లు ఎదురుచూశాను.

పన్నెండో ఏట ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమవైపు పడిపోయింది. నెలల తరబడి మందులు వాడి, మాలీషు చేయించుకుని లేచారు గానీ, వేళ్లకు తీగెను నొక్కే శక్తి వచ్చింది తప్ప పక్కకు లాగే శక్తి రాలేదు. వేలు గిటారు మెట్టు మీద కూర్చుంటుంది, కదలదు. ఏటా వాళ్ల ఊరి గంగమ్మ జాతరకు మాస్టారి గిటారుతోనే పాటలు మొదలయ్యేవి. ఒక్క పొడుగు స్వరం కిందినుంచి మెల్లగా ఎక్కి పైన నిలబడేది. అది నిలబడగానే ఒడ్డంతా ఈలలు వేసేది. ఆ ఏడు జాతర కమిటీవాళ్లు, అప్పటికే నెల్లూరులో నేను పెట్టుకున్న రిపేరు కొట్టుకు నేరుగా వచ్చారు.

"ఈసారి నువ్వు వాయించక్కా. మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పుతాం."

నాకు సంతోషం వేసింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, వేసింది. వాళ్లకు ఏ సంగతీ చెప్పకుండా పంపించాను. వాళ్లు వెళ్లాక ఆ స్వరాన్ని నా వేలితో ఒకసారి లాగి చూసుకున్నాను కూడా.

మూడో రోజు ఆటో దిగి మాస్టారు వచ్చారు. వెనక గిటారు పెట్టె మోసుకుంటూ రమణమ్మక్క. పెట్టె పిడి ఎప్పుడో విరిగితే వలదారం కట్టుకున్నారు. మాస్టారు కూర్చుని, కుడిచేత్తో జేబులోంచి నా కాడ తీసి బల్ల మీద పెట్టారు. చెమటకు రంగు మాసి ఉంది.

"ఇది నా గిటారుకు పట్టిద్దా?"

నేను దాన్ని తీసుకుని వేళ్ల మధ్య తిప్పి చూశాను. "పట్టదు మాస్టారూ. ఇది నా చట్రానిది. మీ దానికి ఒట్టి కాడ చాలదు, తీగెల్ని పట్టే చట్రమంతా మార్చాల. చెక్కకు కొత్త బెజ్జాలు పడతాయి."

"ఏస్తే చెడిపోద్దా?"

"వంకరపడితే చెడిపోద్ది."

ఆయన గిటారు ముప్పై ఏళ్లనాటిది, లోపల డొల్లగా ఉండే రకం. దానిమీద ఈగ వాలితే తోలేవారు. ఇప్పుడు దానికేసి చూడకుండా నాకేసి చూశారు. "తోకన్నాను గదా దీన్ని. నవ్వుకుంటే నవ్వుకో. శాలువా కప్పతారంట నాకు. కప్పించుకుంటాలే, ఉప్పుగాలికి పనికొస్తది. కానీ ఆ ఒక్క స్వరం వాయించినాకే."

"నా దగ్గరికి వచ్చినారు వాళ్లు" అన్నాను.

"తెలుసు. సరేనని చెప్పు. పక్కన కూర్చో. నాకు రాకపోతే నువ్వందుకో."

చట్రం, దాని కాడతో సహా, చెన్నై నుంచి పార్సిలులో వచ్చింది. మాస్టారూ రమణమ్మక్కా రోజూ నా కొట్టుకొచ్చి పక్కనే కూర్చునేవాళ్లు. జాతర ఇంకా పది రోజులుంది. పాత చట్రం తీసేసి, పాత బెజ్జాల్లో టేకుపుల్లలు జిగురుతో దిగ్గొట్టాను. గిటారు ముఖం రెండు పలకలు అతికినది కాబట్టి నడిమధ్య అతుకు సన్నని గీతలాగా కనపడుతుంది. ఆ గీత మీద గుర్తులు పెట్టి డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాను.

"ఆగమ్మా!" అన్నారు మాస్టారు. "ఆ అతుకునేం అడుగుతావు? తీగె యాడికి పోతుందో తీగెనడుగు."

పెట్టెకు కట్టిన వలదారం విప్పించారు. దాన్ని రెండు ముక్కలు చేసి, మెడ చివర తీగెలు కూర్చునే గాళ్లలో, మొదటి తీగె గాడిలో ఒకటి, ఆఖరి తీగె గాడిలో ఒకటి ఉంచారు. నొక్కడం ఒక్కటే చేతనైన ఆ ఎడమచేతి వేళ్లతో వాటిని మెడ చివర అదిమి పట్టుకున్నారు. నేను రెండో కొసలను మెడ అంచుల వెంబడి గిటారు అడుగుదాకా బిగలాగాను. రెండు దారాలకూ నడిమి చోటు చూస్తే, నేను పెట్టిన గుర్తుకు వడ్లగింజ మందం పక్కన ఉంది. ఏళ్ల తరబడి లాగి లాగి మెడ అంతమేర జరిగింది. అతుకును నమ్మి బెజ్జం వేసుంటే తీగెలు మెడ మీంచి జారిపోయేవి, ముప్పై ఏళ్ల గిటారు నా చేతిలో చెడిపోయేది. పాత గుర్తు చెరిపి నడిమి చోట కొత్తది పెట్టాను. మాస్టారు దారం వదలకుండా "ఇప్పుడెయ్" అన్నారు.

బెజ్జాలు సరిగ్గా పడ్డాయి. తీగెలు ఎక్కించి కాడ నొక్కి వదిలితే స్వరం తన చోటికి రాలేదు, పక్కన ఎక్కడో ఆగిపోయింది. స్ప్రింగు మార్చాను, మరలు విప్పి బిగించాను. రెండు రోజులు ఇదే తంతు. జాతర దగ్గరకొస్తోంది. మాస్టారు కళ్లు మూసుకుని పదిసార్లు నొక్కించి విన్నారు.

"నువ్వు ఈ కొసన చూస్తుండావు. చప్పుడు ఆ కొసన ఉండాది. తీగె వస్తానంటుండాది, గాడే పట్టుకోనుండాది."

అప్పుడు వినపడింది నాకు ఆ 'టిక్'. మాస్టారు నేను చెవి వెనక దోపుకున్న పెన్సిలు తీసుకుని, నాచేతే చెక్కించి, తీగె జారేటట్టు ఆరు గాళ్లలోనూ ఆ నల్లపొడి రాశారు. నొక్కి వదిలితే స్వరం నున్నగా వచ్చి తన చోట కూర్చుంది. రమణమ్మక్క చూస్తూ చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంకొక్క చిక్కు మిగిలింది. ఎడమ భుజం లేవక ఆయన గిటారు మెడను కిందికి వాల్చి పట్టుకునేవారు. దాంతో కాడ కుడిచేతి చిటికెన వేలికి అందేది కాదు. దాన్ని ఊడదీసి, గుడ్డ చుట్టి, పట్టుకారులో బిగించి కొద్దిగా వంచాను. ఆయన పట్టుకుని చూసి "ఇంకొంచెం" అన్నారు. మళ్లీ వంచాను. నాలుగోసారికి వేలు దానిమీద వాలింది. అందమైన కాడ కాస్తా వంకరటింకర అయింది. కొత్త వస్తువును అలా చెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

జాతరనాటి సాయంత్రం, శాలువా కప్పడానికని తెచ్చిన కుర్చీలోనే మాస్టారు గిటారు పట్టుకుని కూర్చున్నారు. పక్కన నేను. ఆయనకు రాకపోతే అందుకోవాలి కాబట్టి నా వేలు ఆ మెట్టు మీద సిద్ధంగా ఉంది. ఆయన ముందు కాడను కిందికి నొక్కారు. నొక్కిపట్టే తీగె మీటి, మెల్లగా, చాలా మెల్లగా వదిలారు. స్వరం కిందినుంచి ఎక్కింది. ఎక్కి, పైన నిలబడింది. ఒడ్డంతా ఈలలు. అది వేలితో వచ్చిందో కాడతో వచ్చిందో అక్కడ ఎవరికీ తెలియదు. నా వేలు మెట్టు మీదే ఉండిపోయింది. నేను వాయించని ఆ స్వరమంత సంతోషం నేను వాయించిన ఏ స్వరమూ నాకు ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున వాళ్ల వసారాలో కాఫీ తాగుతూ అడిగేశాను. "నా కాడ నాకెప్పుడు ఇచ్చుండాల్సింది మాస్టారూ?"

"నాలుగో ఏడే పలికింది నీ వేలు."

"మరి ఇయ్యలేదే?"

ఆయన సముద్రం వైపు తిరిగారు. "ఇచ్చేస్తే నువ్వు సొంతంగా పార్టీ కట్టుకోని పోతావని."

ఎనిమిదేళ్లు! కోపం వచ్చింది. దాంతోపాటు ఏడుపూ వచ్చింది. "యాడికి పోతాననుకున్నారు?" అన్నాను. ఆయన తన గ్లాసులో మిగిలిన కాఫీ నా గ్లాసులో పోశారు.

ఆ తర్వాత ఇంకో రెండు జాతరలు వాయించారు. రెండోసారి పక్షవాతం వచ్చినప్పుడు ఇక లేవలేదు. నెల మాసికం అయ్యాక రమణమ్మక్క పెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "ఇంట్లో ఉంటే ఉప్పుగాలికి తుప్పుపడతది. నీ దగ్గరుండనీ" అంది. పెట్టెకు కొత్త వలదారం కట్టుకొచ్చింది, తన చేత్తో అల్లి.

ఇప్పుడది నా కొట్లో గోడకు ఉంటుంది. నా పాత కాడ సొరుగులో ఉంది, దాన్ని మళ్లీ బిగించలేదు. నిన్న బడిపంతులు గారు వెళ్తూ వెళ్తూ గోడకేసి చూసి, "ఆ కాడ వంకరపోయిందే, సరిచెయ్యలేదేమ్మా?" అన్నారు. అది వంకర కాదండీ, ఒక మనిషి చేతి కొలత అన్నాను. ఆయన వెళ్లాక గిటారు దించాను. మామూలుగా పట్టుకుంటే ఆ కాడ నా వేలికి అందదు. ఎడమ భుజం దించి, మెడ కిందికి వాల్చి, ఆయన కూర్చున్నట్టే కూర్చోవాలి. అలాగే కూర్చున్నాను. నొక్కి, మీటి, మెల్లగా వదిలాను. 'టిక్' చప్పుడేమీ రాలేదు. స్వరం ఎక్కి వచ్చి తన చోట నిలబడింది. ఆ "ఊఁ" కోసం పక్కకు చూశాను.