మామ అందరి కలల్లోకీ వచ్చేవాడు

ఈమధ్య నాకు కలలు వచ్చినా వాటిలో పెద్ద విశేషమేమీ ఉండదు. కరెంటు బిల్లు కట్టలేదన్న సంగతి గుర్తుచేసి వెళ్ళిపోతాయి. కానీ ఇరవై మూడేళ్ళ వయసులో, ఆ రోజుల్లో, కలల మీద నాకున్న ఆశలు అన్నీ ఇన్నీ కావు. అప్పుడే ఫార్మసీ చదువు ముగించి ఆబిడ్స్‌లో ఒక సందులో ఉన్న మందుల దుకాణంలో చేరాను. (నా డిగ్రీకి ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు, నన్ను కౌంటరు వెనక నిలబెట్టారు. ఇద్దరికీ రోజంతా ఒకటే పని.) బేరాలు లేని మధ్యాహ్నాల్లో ఫోనులో వీడియోలు చూసేవాణ్ణి. వాటిలో ఒకాయన చెప్పేదేమిటంటే, కలలో ఉండగానే ఇది కల అని కనిపెట్టవచ్చు, కనిపెడితే దాన్ని మన ఇష్టం వచ్చినట్టు నడపవచ్చు. చేతులు చూసుకోవాలి, రాసి ఉన్నదాన్ని రెండుసార్లు చదవాలి. కలలో అక్షరాలు మారిపోతాయి. నా కోరిక ఒక్కటే. ఆబిడ్స్ సర్కిల్ మీదుగా నేను ఎగురుతూ పోవాలి, కింద ట్రాఫిక్కులో ఇరుక్కున్న మా ఓనరు తలెత్తి నన్ను చూడాలి.

నెల రోజులు ప్రయత్నించినా ఏమీ కాలేదు. గదిలో నాతోపాటు ఉండే పహిల్వాన్ (బరువు నలభై ఎనిమిది కిలోలు, పేరు మాత్రం అది) హోళీకి ఎక్కడినుంచో ఒక డబ్బా నిండా భంగు ఉండలు తెచ్చాడు. "ఇవి తిన్నవనుకో భయ్, రంగుల కలలొస్తయి, జర ఆగి సూడు" అన్నాడు. ఫార్మసీ చదివినవాణ్ణి, నాకు బుద్ధి ఉండాలి. లేదు. రెండు వారాలపాటు రోజూ సాయంత్రం చిన్న ముక్క మింగి, దిండు పక్కన నోటుపుస్తకం, పెన్ను పెట్టుకుని పడుకున్నాను. మొద్దు నిద్ర పట్టేది గానీ కల అన్నది మచ్చుకైనా లేదు. పద్నాలుగు రోజులకూ పద్నాలుగుసార్లు 'ఏమీ రాలేదు' అని రాసుకున్నాను. డబ్బా ఖాళీ అయింది. ఖాళీ అయిన మూడోనాటి నుంచి మొదలైంది అసలు వరద. ఇన్నాళ్ళ బాకీ కలలన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. ఒకదానిలో నగరం నగరమంతా మా కౌంటరు ముందు చీటీలు పట్టుకుని నిలబడింది. ఒక చీటీ చదివాను, దగ్గు మందు అని ఉంది. మళ్ళీ చదివాను, పెళ్ళి ముహూర్తం అని ఉంది. దొరికింది! ఇది కల! ఇంకేం, కౌంటరెక్కి రెండు చేతులూ చాపి దూకాను. కళ్ళు తెరిచేసరికి మంచం దిగువన పడుకున్న పహిల్వాన్ మీద ఉన్నాను. వాడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మా మేనత్త నాంపల్లిలో స్టేషనుకు దగ్గరగా మేడ మీద రెండు గదుల్లో ఉండేది. మామ జీవితమంతా పార్సిలు గుమాస్తాగా పనిచేసి, రిటైరైన కొన్నాళ్ళకే జబ్బుచేసి పోయాడు. దవాఖానాలో పదకొండు రాత్రులు అత్త ఆయన పక్కనే కూర్చుంది. పన్నెండో రాత్రి ఆమె తమ్ముడు, అంటే మా నాన్న, బలవంతపెట్టి ఆమెను ఇంటికి పంపాడు, కాస్త కునుకు తీసి రమ్మని. తెల్లవారుజామున మామ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అత్తకు నిద్ర పట్టడం మానేసింది. గన్‌ఫౌండ్రీలో ఒక పెద్ద డాక్టరు మాత్రలు రాశారు. వాటితో పది నెలలుగా పడుకుంటోంది.

ఒక ఆదివారం భోజనానికి వెళ్తే, పళ్ళెం నా ముందు పెడుతూనే మండిపడింది.

"ఇన్నవా బిడ్డా? మీ మామ కిందింటామె కలలకు వొయ్యిండంట. పచ్చిపులుసు అడిగిండంట! ముప్పై ఎనిమిదేండ్లు నా చేతి పచ్చిపులుసుకు వంకలు వెట్టినోడు, ఇయ్యాల దానింటికి వొయ్యి అడుగుతడా?"

"కలే గదా అత్తా" అన్నాను.

"ఏం కలే గదా? పాలాయన కలల వచ్చిండు. ఖైరతాబాద్ల ఉన్న మా ఆడిబిడ్డ కలల రెండుసార్లు వచ్చిండు, నవ్వుకుంట. పాలాయన ఏమైతడు రా మీ మామకు? అందరి కలలకు తిరుగుతుండు. నా కలలకే వస్తలేడు."

నాకు నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి మానుకున్నాను. పప్పు గిన్నె కింద పెట్టి, గోడ వైపు చూస్తూ అంది: "నేను ఇంటికొచ్చిన గా రాత్రి నన్ను పిలిచిండేమో. నేను లేకపోతిని. పండుకున్న. గందుకే కోపం నా మీద. వచ్చే నెల సంవత్సరికం. గప్పటిదాంక రాకుంటే ఇగ రాడు, ఖాయం."

"నీకు వేరే కలలేమైనా వస్తున్నాయా అత్తా? పిల్లులో, బస్సులో, ఏవో ఒకటి?"

"ఏడియి? గోలీ ఏస్కుంటే కండ్లు మూస్త, పొద్దుగాల తెరుస్త. నడుమల ఏం లేదు, తెర మీద బట్ట గప్పినట్టు."

చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ తెర నాకు తెలుసు. పద్నాలుగు రోజులు నేనూ దాన్నే చూశాను. కొన్ని నిద్రమందులు నిద్రనిస్తూనే కలలొచ్చే నిద్రను తొక్కిపెడతాయని పరీక్ష కోసం బట్టీపట్టి, పరీక్ష రాసిన సాయంత్రమే మర్చిపోయిన వాక్యం ఇన్నాళ్ళకు గుర్తొచ్చింది. మామ అలగలేదు. వచ్చి తలుపు కొడుతూనే ఉన్నాడేమో, లోపల మాత్ర గడియపెట్టింది. ఆ మాట చెబితే అత్త నన్ను ఎగాదిగా చూసి, "గోలీ ఆపుతే వస్తడా? ఇయ్యాలనే పారేస్త" అని లేచింది. ఆమె చేతిలోంచి ఆ మాత్రలు లాక్కునేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మర్నాడే గన్‌ఫౌండ్రీకి తీసుకెళ్ళాను. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిన ఆ డాక్టరుగారు అంతా విని కళ్ళజోడు తీశారు.

"మీవాడి అనుమానం తప్పేం కాదమ్మా. కానీ ఒక్కసారి మానేస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది. వారానికి కాస్త చొప్పున నేనే తగ్గిస్తాను, చెప్పినట్టు చెయ్యండి." తర్వాత నా వైపు తిరిగారు. "నీకీ ఆలోచన ఎలా వచ్చిందయ్యా?"

"ఒక స్నేహితుడి అనుభవం సార్. భంగు తిన్నన్నాళ్ళూ కలలు రాలేదు, మానేశాక విపరీతంగా వచ్చాయి."

"ఓహో. మంచం మీంచి పడ్డాడా మీ స్నేహితుడు?"

"పడ్డాడండీ."

"దెబ్బ తగల్లేదు కదా?"

"వేరేవాడికి తగిలిందండీ" అన్నాను. ఆయన చాలాసేపు చీటీ రాస్తున్నట్టు తలవంచుకుని నవ్వుకున్నారు.

మూడో వారానికి అత్తకు కలలు మొదలయ్యాయి. అయితే ఏం లాభం, మామ తప్ప అందరూ వస్తున్నారు. ఒకరోజు బుట్టెడు దొండకాయలు, ఒకరోజు ఎవరిదో బర్రె, ఒకరోజు సాక్షాత్తూ కిందింటామె. (ఆ రోజు నన్ను ఫోనులో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.) సంవత్సరికానికి వారం ఉందనగా నాకూ భయం పట్టుకుంది. తెలిసీ తెలియని మాట చెప్పి ముసలామెకు లేనిపోని ఆశ పెట్టానే, ఇప్పుడు రాకపోతే నిజంగానే కోపమని నమ్మేస్తుందే అని తిండి సహించేది కాదు.

ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్నే మేము షట్టరు ఎత్తిన కాసేపటికే దుకాణం ముందు ఆటో ఆగింది. అందులోంచి అత్త దిగింది. చెప్పులు రెండూ రెండు రకాలు.

"వచ్చిండు రా!"

కౌంటరు దగ్గర నలుగురున్నారు. అందరూ తిరిగి చూశారు. ఎవరొచ్చారో తెలియకపోయినా అందరూ పక్కకు జరిగి ఆమెకు దారిచ్చారు.

"స్టేషన్ల పార్సిలు తూకం మిషన్ ఉంటది సూడు, దాని మీద కూసున్నడు. నేను మొదలువెట్టిన. దవాఖానల పదకొండు రాత్రులు ఎట్ల గడిపిన, నీ వెనుక నా బతుకెట్లున్నది, కిందింటామె కాడ ఏం పని నీకు, అన్ని అడిగిన. చేతులు కట్టుకొని ఇన్నడు. నడుమల ఒక్క మాట అడ్డం రాలే. ముప్పై ఎనిమిదేండ్లల గట్ల ఎన్నడన్న ఇన్నడా? గప్పుడు ఎర్కైంది నాకు, గిది కల అని!"

దగ్గు మందు కోసం వచ్చిన పెద్దమనిషి దగ్గడం మానేశాడు. "తర్వాతేమైందమ్మా?"

"లేస్తనేమో అని భయమైంది. గా మిషన్ గట్టిగ పట్టుకున్న. పట్టుకొని అడిగిన. నేను ఇంటికి వొయ్యిన రాత్రి నన్ను పిలిచినవా? నా మీద కోపమా?"

మా ఓనరు కూడా నోట్లు లెక్కపెట్టడం ఆపాడు.

"ఏమన్నాడత్తా?"

"'ఇంటికి వొయ్యినవా? ఎప్పుడు?' అన్నడు. ఎర్కనే లేదు రా ఆయనకు! నేను పక్కనే ఉన్న అనుకుంటనే పోయిండు. 'గది ఇడువు, నా స్కూటరు నీ తమ్మునికి ఎందుకిచ్చినవ్? వాడు బ్రేకు మీంచి కాలు తియ్యడు' అని లొల్లి. కోపమే! మస్తు కోపం! గానీ స్కూటరు గురించి!"

నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. కౌంటరు దాటి వెళ్ళి ఆమె చేతులు పట్టుకున్నాను. నాకూ కళ్ళు నిండాయి, సిగ్గుపడలేదు. దగ్గు మందాయన చప్పట్లు కొట్టాడు. అత్త కొంగుతో మొహం తుడుచుకుని, "నేను పోతున్న. కిందింటామె ఇంకా లేవలే, లేపి చెప్పాలె" అని అదే ఆటో ఎక్కింది. అంత నిటారుగా ఆమె నడవడం అంతకుముందు ఏడాదిగా నేను చూడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఈ కథను నా ఘనకార్యంగా కాలరెగరేసుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, మందు తగ్గించింది డాక్టరు, కల కన్నది అత్త, కలలో ఉన్నానని ఎవరూ నేర్పకుండానే కనిపెట్టిందీ ఆమే, మాట్లాడింది మామ. నేను చేసిందల్లా ఒక ఉదయం ఆమెను ఆటోలో గన్‌ఫౌండ్రీ దాకా తీసుకెళ్ళడం. అయినా ఆ రోజు సాయంత్రం ఆబిడ్స్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటుతూ, నాకంటే గొప్ప వైద్యుడు ఈ ఊళ్ళో లేడని నిజంగా నమ్మిన ఆ కుర్రాడు గుర్తొస్తే నాకు ముచ్చటేస్తుంది. వాడికి నిజం చెప్పాలని ఇప్పటికీ అనిపించదు.