ట్రాక్ ఒకటిలో తమ్ముడి గొంతు

1996 వేసవి. చోడవరం మెయిన్ రోడ్డులో క్యాసెట్ల దుకాణం వెనక గదే నా రికార్డింగు స్టూడియో. గోడలకు గోనెసంచులు, తలుపుకు పాత పరుపు. చీడికాడ వైపు పల్లెల్లో జముకుల కథలు చెప్పే గౌరమ్మ, అప్పలస్వామి అక్కడ ఒక క్యాసెట్ చేస్తున్నారు. ముప్పై ఏళ్లుగా ఆమె పాడుతుంటే అతను జముకు తీగ మీటుతూ వంత అందుకునేవాడు. ఆమెను ‘అప్పా’ అని, అంటే అక్కా అని, పిలిచేవాడు. ఒంటరిగా ఎన్నడూ పాడలేదు. విశాఖ నుంచి గిటారిస్టు డేవిడ్, అతని స్నేహితుడైన డ్రమ్మరు అతిథులుగా వచ్చారు. పల్లె పాటకు రాక్ తోడైతే ఎలా ఉంటుందో వినాలని అందరికీ ఆశ.

నాది ఫోర్ ట్రాక్ మెషిన్. ఒకే టేపు మీద నాలుగు వరసలుంటాయి, ఒక్కో శబ్దం ఒక్కో వరసలోకి ఎక్కుతుంది. ఒకటిలో గౌరమ్మ గొంతు, మూడులో గిటారు.

మూడో రోజు మధ్యాహ్నానికి అక్కాతమ్ముళ్ల కథాగీతం పూర్తయింది. పాడి పాడి గౌరమ్మ గొంతు బొంగురుపోయింది. ఆమె, అప్పలస్వామి వరండాలో బస్సు వేళ కోసం కూర్చున్నారు. డేవిడ్ ఒకచోట గిటారు మళ్లీ వాయిస్తానన్నాడు. అలా నడుస్తున్న టేపులో చిన్న ముక్కను మాత్రమే మార్చడాన్ని పంచ్-ఇన్ అంటాం. ఎర్ర మీట నొక్కాను. అతను వాయించాడు.

వెనక్కి తిప్పి విన్నాం. వాగు దాటలేక తమ్ముడు అక్కను కేకేసే రెండు పాదాల దగ్గర గౌరమ్మ గొంతు లేదు. అక్కడ గిటారుంది. నేను మూడుకు బదులు ఒకటో ట్రాక్ మీద ఎక్కించాను. చెరిగిన టేపు తిరిగి రాదు.

"అన్నా, అక్కడ గిటారే ఉండనీ. ఆవిడ గుర్తుపట్టదు," అన్నాడు డేవిడ్ మెల్లగా.

కాసేపు నాకూ అదే బాగుందనిపించింది. తర్వాత లేచి తలుపు తీశాను.

"అమ్మా, పొరపాటున మీ పాట రెండు పాదాలు చెరిపేశాను."

గౌరమ్మ లేచి లోపలికొచ్చింది.

"ఏటన్నావు బాబూ? మూడ్రోజులు గొంతు సించుకున్నాను. నువ్వేటి సేసేవు?"

మైకు ముందుకొచ్చి రెండుసార్లు ప్రయత్నించింది. గాలి తప్ప స్వరం రాలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్సుకు ఇంకో అరగంటే ఉంది.

ఆమె హఠాత్తుగా వెనక్కి తిరిగింది. "ఒరే అప్పలసామీ, కేకేసింది తమ్ముడే కదరా. నువ్వు పాడు."

"నానా? నాను వంతగాణ్ణప్పా!"

"ముప్పై ఏళ్లు ఇన్నావు. పాడమంతన్నాను."

అతను మైకు ముందు నిలబడ్డాడు. మీట వదలడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఆమె తర్వాతి మాట కూడా పోతుంది. ట్రాక్ నంబరు పైకి చదివి నొక్కాను. అప్పలస్వామి కళ్లు మూసుకుని కేక అందుకున్నాడు. ఆ బెరుకు గొంతు నిజంగా వాగు అవతలి నుంచి వచ్చినట్టే ఉంది. సరిగ్గా ఆమె మాట మొదలయ్యే ముందు వదిలాను.

అందరం విన్నాం. "ఇన్నాళ్లూ తమ్ముడి కేక కూడా నానే పాడేసేను," అంది గౌరమ్మ నెమ్మదిగా.

ఆనాటి నుంచి ట్రాక్ నంబరు పైకి చదవకుండా ఎర్ర మీట ముట్టుకోలేదు. అంతకన్నా ముఖ్యంగా, పని చెడితే ముందు ఆ పని ఎవరిదో వాళ్లకే చెబుతున్నాను. ఆ మధ్యాహ్నం తలుపు తీయకపోయి ఉంటే, ఆ పాటను బాగుచేయగల ఇద్దరినీ వరండాలోనే కూర్చోబెట్టి బస్సెక్కించేసేవాణ్ణి.