నేను వదులు చేసిన ముడి

నా చిన్నప్పుడు, తెలంగాణ కావాలని మొదటిసారి జనమంతా రోడ్డెక్కిన ఏడు, బడి మూసేశారన్న కబురు మాకు పాలు పోసే యాదమ్మ తెచ్చింది. "ఇగ మీ బడి బందు. పండుగ చేస్కో పిల్లా" అని నవ్వింది. నాకు పండుగ అనిపించలేదు. అమ్మను కాన్పుకు పోచంపల్లిలో దించడానికి వెళ్ళిన నాన్న, బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోని కిరాయి ఇంట్లో నేనూ, గుండెజబ్బుతో ఉన్న మా నాయనమ్మా మిగిలాం. అప్పటికి చుట్టూ ఇన్ని ఇళ్ళు లేవు. మధ్యాహ్నం పూట నాయనమ్మ ఊపిరి తీస్తే వంటింట్లోకి వినిపించేది.

పక్కింటి అక్క దవాఖానలో నర్సు. గుంటూరు వైపు మనిషి. ఆ రోజుల్లో ఆమెతో మాట్లాడేవాళ్ళు తగ్గిపోయారు. మా గడప మాత్రం రోజూ తొక్కేది.

"మీ గుంటూరోళ్ళు గంత కారం తింటరు, నాకు ఉప్పు గూడ మాన్పిస్తివి. గీ పప్పు ఎట్ల మింగాలె?" అని నాయనమ్మ దెప్పేది.

"కారం ఎంతైనా తినండి మామ్మగారూ, పచ్చడి జాడీ మాత్రం నాకిచ్చేయండి" అనేది అక్క. నిజంగానే తీసుకుపోయింది.

గుండె అలిసిపోతే ఒంట్లో నీరు నిలుస్తుందని, అది ముందు కాళ్ళలో కనబడుతుందని, పెరిగితే ఊపిరి ఆడదని నాకు ఓపిగ్గా చెప్పింది. నాయనమ్మ చీలమండ చుట్టూ, నా చూపుడువేలు దూరేంత వదులుగా, మా చేనేత ఇంటి నూలుపోగే కట్టింది. రోజూ పొద్దున్నే ఆమె మంచం దిగకముందే వేలు పెట్టి చూడమంది. వేలు దూరకపోయినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, ఇంకో దిండు కావాలన్నా వెంటనే పిలవమంది.

దారం అనగానే నాకు నోములో కట్టే తోరం గుర్తొచ్చింది. రోజూ దాన్ని కళ్ళకద్దుకునేదాన్ని. ఒక పొద్దున వేలు దూరలేదు. "కొరుకుతాంది బిడ్డా, జర వదులు చెయ్" అంది నాయనమ్మ. తోరం తెంపకూడదు కదా. ముడి విప్పి, పోగుకు ఇంకో పోగు కలిపి, మళ్ళీ వేలు దూరేలా కట్టాను. అక్క అడిగితే "దూరుతోంది" అన్నాను. అబద్ధం కాదనుకున్నాను. మర్నాడూ అదే పని చేశాను. ఆ మర్నాడు నాయనమ్మ పడుకోలేకపోయింది. దిండ్లకు ఆనుకుని కూర్చుని, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటోంది.

పరుగున వెళ్ళి అక్కను పిలిచాను. ఆమె మొదట దారమే చూసింది. "ఇది నా ముడి కాదే" అంది. చేనేత ఇళ్ళలో పోగు తెగితే అతికే ముడి అది. నాయనమ్మే నాకు నేర్పింది. అక్క వేలితో కాలు నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు.

ఆ రోజు బందు. ఎట్లాగో ఒక రిక్షా దొరికింది. నాయనమ్మను అక్క ఒళ్ళో ఆనించుకుంది, నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. చౌరస్తాలో కొందరు యువకులు ఆపారు. "ఎవరమ్మా నువ్వు? యాడికి పోతున్నరు?" అని అక్కను అడిగారు. ఆమె నోరు తెరిస్తే ఏ వైపు మనిషో తెలిసిపోతుంది. నాయనమ్మకు మాట వచ్చే స్థితి లేదు.

"మా అక్క. మా నాయనమ్మకు పానం మంచిగలేదు, దవాఖానకు పోవాలె" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడి ఎరగను. వాళ్ళు పక్కకు జరగడమే కాదు, ఎత్తు దాటేదాకా రిక్షాను వెనకనుంచి తోశారు. దవాఖాన చేరేదాకా అక్క నా భుజం మీంచి చెయ్యి తీయలేదు.

సూదిమందుతో నీరు దిగి నాయనమ్మ కళ్ళు తెరిచింది. దవాఖాన వసారాలో అక్క నన్ను దగ్గరకు తీసుకుంది. "నన్ను పిలిస్తే మామ్మగారిని ఇక్కడికి తెచ్చేస్తాననీ, ఇంట్లో ఒక్కదానివే ఉండాలనీ భయపడ్డావు కదూ?" అంది. అప్పటిదాకా ఆ సంగతి నాకే తెలియదు. ఏడ్చేశాను. "దారం బిగుసుకునేది మామ్మగారిని బాధపెట్టడానికి కాదమ్మా, నిన్ను పిలవడానికి. ఈసారి పిలిస్తే పలుకు" అని, తన ముడితో కొత్త దారం కట్టింది.

నాయనమ్మ ఆ తర్వాత రెండు బతుకమ్మలు చూసింది. అక్క మాత్రం ఆ ఏడే, వీధి ఇంకా లేవకముందే, సామాను సర్దుకుని వెళ్ళిపోయింది. మా పచ్చడి జాడీ కడిగి గడపలో పెట్టి ఉంది. బస్సులు నడిచాక తిరిగొచ్చిన నాన్న, నాయనమ్మ దగ్గర ఎవరో ఒకరు ఉండాలని, బడి మళ్ళీ తెరిచినా నన్ను పంపలేదు. చదువంతా ఇంట్లోనే. బడికీ ఇంటికీ బయట నాకు దొరికిన గురువు ఆమె ఒక్కతే.

ఇప్పుడు నా కాళ్ళలోనూ నీరు చేరుతోంది. పొద్దున్నే దీపం పెట్టే ముందు మంచం మీదే దారంలో వేలు పెట్టి చూసుకుంటాను. బిగుసుకుంటే ఎవరినైనా పిలుస్తాను, ఇల్లు ఎంత ఖాళీగా ఉన్నా. అక్కా అని పిలవడమే తప్ప ఆమె పేరేమిటో అడగలేదు. దీపం ముందు ఏ పేరుతో మొక్కాలో తెలియక, "మా అక్క" అనే అంటాను, ఆ రోజు చౌరస్తాలో అన్నట్టే. మీరూ ఎప్పుడైనా దండం పెట్టుకునేటప్పుడు, దయచేసి ఆమెను ఒక్కసారి తలుచుకోండి.