చిరిగిన వల అంచు

నా చిన్నప్పుడు జాలరిపేటలో ఒక మధ్యాహ్నమంతా మా తాతయ్య తన వలను నా కాలి బొటనవేలికి తగిలించి నన్ను కదలనివ్వలేదు. ఈ నెలలో కంటికి ఆపరేషన్ చేసి, వంగొద్దు, బరువెత్తొద్దు, తలస్నానం చేయొద్దు అని నన్ను గదిలో కూర్చోబెట్టాక ఆ మధ్యాహ్నమే మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది.

నాకు నీటికాసులు. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి తినేసే జబ్బు. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలిన కుడి కంటికే ఈ ఆపరేషన్. నేను అక్షరాలు నేర్చుకున్నదే అరవై దాటాక. నాలుగు పుస్తకాలైనా చదవలేదు. అందుకే ఇక ముందు చదువుకోగలనా అని డాక్టరమ్మను అడిగాను. పోయిన చూపు రాదమ్మా, ఉన్నది నిలబెట్టడానికే ఇది, ఎంత నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేను అంది. మర్నాడు కట్టు విప్పితే అంతా పొగమంచు. ఆ మంచులో, ఆ మాటతో, నాలుగు గోడల మధ్య ఉండిపోయాను.

ఆ రోజు తాతయ్య వల సముద్రం అడుగున రాళ్లకు చిక్కుకుంది. లాగేకొద్దీ చిరుగు పాకుతోందని, చిక్కిన ముక్కను ఆయనే కత్తితో కోసి వదిలేసి వచ్చాడు. ఇంట్లో అందరూ ఆ పోయిన ముక్క గురించే ఏడుస్తున్నారు. ఆయన మాత్రం నీడన కూర్చుని, వల బిగువుగా నిలవాలని నా వేలికి తగిలించి, కోసిన అంచు వెంట ముడులు వేస్తున్నాడు. నా ఈడు పిల్లలు కెరటాల్లో గెంతుతున్నారు. నాకేమో కాలు తిమ్మిరెక్కింది.

"సాల్లే తాతా, కాలు పడిపోతంది."

"పడిపోతే నీ మొగుడు మోస్తాడులే. కదిలితే ముడి జారిపోద్ది గుంటా."

"మరి రేపు ఇందులో ఎన్ని సేపలు పడతాయి?"

ఆయన దారం పళ్లతో కొరికి, "నానేటి సెప్పగలను? సిరుగు ఇంక పాకదు. అంతవరకే నా సేతిలో ఉంది," అన్నాడు.

నాకు కోపమొచ్చింది. అంతసేపు కట్టేసి కూర్చోబెట్టి, ఆ ఒక్క మాటా చెప్పలేదని. మర్నాడు ఎన్ని పడ్డాయో గుర్తులేదు. ఆ పొట్టి వల చాలాకాలం వేటకు వెళ్లడం మాత్రం గుర్తుంది.

ఇంకా మసకే. పేపర్లో పెద్ద అక్షరాలు, అవీ చూపు మధ్యలో పడ్డవే అందుతున్నాయి. ఎంతవరకు తేటపడుతుందని అడగడం మానేశాను. వేళకు మా కోడలు మందు చుక్క వేసేటప్పుడు తల వెనక్కి వాల్చి కదలకుండా ఉంటాను. అప్పుడు నా కాలి బొటనవేలు దానంతటదే బిగుసుకుంటుంది.